పీపీలో పీపీ కలిపితే ఉల్లిపొరలు ఎందుకు లేస్తున్నాయి?

పత్తికొండ_మోల్డర్
మాది చిన్న యూనిట్. ఒక ఇంజెక్షన్ మిషను, టమోటా క్రేటు మోల్డు ఒకటి. మొదట్లో అంతా కొత్త సీపీ దానాతోనే, అంటే పాలీప్రొపిలీన్ (పీపీ) ప్లాస్టిక్‌లో ఒక రకం గింజలతోనే పోసేవాణ్ణి. రేటు గిట్టక పోయినేడాది నుంచి కడప వైపు నుంచి పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన నల్ల రీప్రాసెస్ దానా తెచ్చి కలుపుతున్నా. నూటికి 20 కలిపితే ఏ గొడవా లేదు. 30 దాకా కూడా లాక్కొచ్చా. ఆర్డర్లు ఎక్కువై ఈ నెల 45 కలిపా. అక్కడ పట్టుకుంది శని.

మోల్డులోకి ప్లాస్టిక్ దూరే సందు, అదే గేటు, దాని పక్కన గోటితో గీకితే పొర లేస్తోంది. పట్టుకుని లాగితే జానెడు చీలి వచ్చింది, అచ్చం ఉల్లిగడ్డ పొర. మొన్న తెల్లారుజామున యార్డులో హమాలీ లారీ మీంచి ఖాళీ క్రేట్లు విసురుతుంటే నాలుగు క్రేట్లు మూలల దగ్గర పగిలాయి. అదే లాటువి మధ్యాహ్నం ఎండలో నేనే విసిరి చూస్తే ఒక్కటీ పగల్లేదు.

దానా అమ్మినాయన అంతా పీపీనే అని ఒట్టేస్తున్నాడు. నాదీ పీపీ, ఆయనదీ పీపీ. మరి కలవకపోవడం ఏంది? ఇంకొకాయన కంపాటిబిలైజర్, అంటే కలవనివాటిని కలిపే మందు అని ఒక సంచి చూపించి, నూటికి మూడు వేస్తే చాలంటాడు. కిలో రేటు వింటే కళ్ళు తిరిగాయి. ఫోటోలు పెట్టడం నాకు రాదు, ఏమనుకోవద్దు.

మౌనముని
ఉల్లిపొర అన్నాక ఇంక ఫోటో ఎందుకన్నా. కర్నూలోళ్ళకు అంతకన్నా వర్ణన అక్కర్లేదు.

వేడి_వీరన్న
బారెల్ వేడి చాల్లేదు, అంతే. 210లో పెట్టి ఉంటావు. 245 పెట్టు, రెండూ కరిగి ఒకటైపోతాయి. 18 ఏళ్ళుగా మిషను మీద ఉన్నా, పొర లేస్తే నేను చేసేది ఇదే.

దానా_బాషా
కడప దానా అన్నావు కాబట్టి చెప్తున్నా. నేను అమ్మింది కాకపోవచ్చు, అయినా వినండి. మా దగ్గర గ్రైండింగ్, అంటే పాత సామాను నలగ్గొట్టిన ముక్కలు, పెయింటు డబ్బాలు, కుర్చీలు, బకెట్లవి. నీళ్ళతొట్టిలో వేసి తేలిందే తీసుకుంటాం. పీవీసీ ఉంటే మునుగుతుంది. తేలిందంతా పీపీనే.

డ్రిప్పు_రెడ్డి
బాషాభాయ్, మా చీనీ తోటలో తీసేసిన పాత డ్రిప్పు పైపులు కూడా నీళ్ళలో తేలతాయి మరి. పోయిన నెల కిలోల లెక్కన తూకం వేసుకుని పోయారు. ఎక్కడికి పోతున్నాయా అనుకుంటున్నా ఇన్ని రోజులూ.

మౌనముని
😀😀

పాలిమర్_పంతులమ్మ
రెడ్డిగారు నవ్వుతూనే అసలు చోట వేలు పెట్టారు. పీపీ సాంద్రత 0.90 – 0.91. డ్రిప్పు పైపులు చేసే పాలిథిలీన్‌ది మామూలుగా 0.91 నుంచి 0.97 లోపే. రెండూ తేలతాయి. నీళ్ళతొట్టి పీవీసీని పట్టిస్తుంది, పాలిథిలీన్‌ను పట్టించదు.

మోల్డర్ గారి ప్రశ్న "పీపీలో పీపీ ఎందుకు కలవదు" అని. పీపీ అన్నది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంటిపేరుతో కనీసం ముగ్గురున్నారు.

హోమో. అణువుల గొలుసు పొడవునా ప్రొపిలీన్ ఒక్కటే. 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బిగువుగా ఉంటుంది, చలికి పెళుసెక్కుతుంది. యూరియా బస్తా, సిమెంటు బస్తా నేసే పట్టీ ఇదే.

ర్యాండమ్. ఒకే గొలుసులో అక్కడక్కడా ఇథిలీన్, బరువులో నూటికి ఏడు లోపు. ఇథిలీన్ తగిలిన చోట గొలుసు స్ఫటికంలో సర్దుకోలేదు. అందుకే కరిగే వేడి 145 – 150 దాకా దిగుతుంది, వస్తువు తేటగా వస్తుంది.

మూడోది మీరు వాడే సీపీ. ఇందులో ఇథిలీన్ అంతటా పరుచుకుని ఉండదు. ఫ్యాక్టరీలో మొదటి రియాక్టర్లో హోమో పీపీ తయారవుతుంది, రెండో రియాక్టర్లో అదే గింజ లోపల ఇథిలీన్ – ప్రొపిలీన్ రబ్బరు పుడుతుంది. చివరికి హోమో మధ్యలో రబ్బరు చుక్కలు, ఒక్కోటి మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ. క్రేటు కిందపడినప్పుడు దెబ్బను తినేది ఆ చుక్కలు. రబ్బరు సుమారు మైనస్ 50 దాకా మెత్తగానే ఉంటుంది. హోమో మాత్రం సున్నా దగ్గరికి వచ్చేసరికే గాజులా మారుతుంది.

అంటే మీ క్రేటుకు ఒకటి కాదు, రెండు జబ్బులు. పొర లేవడం ఒకటి, చలికి పగలడం ఇంకొకటి. రెండింటినీ విడివిడిగా చూడాలి.

పత్తికొండ_మోల్డర్
మేడమ్, చలికి పగలడం మీద ఇంకొంచెం చెప్పండి. కొత్త దానాతో పోసినప్పుడు కూడా చలికాలం ఉంది కదా.

పాలిమర్_పంతులమ్మ
లెక్క చూడండి. మీ సీపీలో రబ్బరు నూటికి 16 ఉందనుకుందాం. 45 పాళ్ళు నల్ల దానా వేశారు. ఆ దానాలో బస్తా గుడ్డ, కుర్చీ ముక్కలు ఎక్కువుంటే అందులో రబ్బరు లేనట్టే. మీ 16 కాస్తా 9 కి దిగింది. చుక్కల మధ్య దూరం పెరిగింది. ఒక చుక్క దగ్గర ఆగాల్సిన పగులు ఇంకో చుక్క తగిలేలోపే పరుగందుకుంటుంది. మధ్యాహ్నం 32 డిగ్రీల్లో హోమో కొంచెం సాగుతుంది కాబట్టి బతికిపోయారు. తెల్లారుజామున 14 డిగ్రీల్లో హమాలీ విసురుకు తట్టుకోలేదు.

బంపర్_బాబు
మేడమ్ చెప్పింది కరెక్ట్. నేను పెనుకొండ దగ్గర ఒక కారు విడిభాగాల లైన్లో చేస్తా. బంపరు అంటే పీపీ, రబ్బరు, టాల్కు పొడి. రబ్బరు రెండు పాళ్ళు తగ్గినా చలి పరీక్షలో పగులు కనిపిస్తుంది. మైనస్ 30లో పెట్టి గుద్దుతారు మా దగ్గర.

మౌనముని
పెనుకొండలో మైనస్ 30 ఎక్కడ దొరికింది అన్నా? ఎండాకాలం 43లో మేము కాలిపోతాం.

బంపర్_బాబు
ఫ్రీజర్ బాక్సు స్వామీ. బండ్లు బయటి దేశాలకు కూడా పోతాయి.

వేడి_వీరన్న
ఈ రియాక్టర్లు మైక్రాన్లు మనకెందుకు. కరిగితే కలవాలి, కలవలేదంటే కరగలేదు. నెయ్యి, డాల్డా కలిపితే కలవట్లేదా?

ప్రొద్దుటూరు_ఎమ్మెస్సీ
వీరన్నగారూ, నెయ్యి, డాల్డా చిన్న అణువులు. వాటికి కలిసి తిరిగే స్వేచ్ఛ ఎక్కువ. పాలిమర్ గొలుసులో వేల కార్బన్లు ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. కలవడం వల్ల దానికి వచ్చే లాభం దాదాపు సున్నా. అందుకే రెండు గొలుసుల మధ్య రవ్వంత తేడా ఉన్నా విడిపోతాయి. పాలిథిలీన్‌కూ పీపీకీ ఉన్న తేడా, ఒక కార్బన్ వదిలి ఒక కార్బన్‌కు చిన్న మిథైల్ కొమ్మ. అంతే. అది చాలు. కరిగి ఉన్నప్పుడు కూడా చుక్కలుగానే ఉంటాయి. చల్లారాక ఎవరి స్ఫటికాలు వాళ్ళవి.

ఈ కొమ్మలన్నీ ఒకే వరసలో ఉన్న పీపీని ఇటలీలో నట్టా తయారుచేసింది 1954లో. జీగ్లర్‌తో కలిపి 1963లో నోబెల్ ఇచ్చారు. ఇది పరీక్షలో వస్తుంది కాబట్టి గుర్తుంది 😊

డ్రిప్పు_రెడ్డి
అంటే సంగటి లాంటిదన్నమాట. రాగిపిండిలో అన్నం మెతుకులు. ఎంత గెలికినా మెతుకు మెతుకే.

పాలిమర్_పంతులమ్మ
ఇది బాగుంది రెడ్డిగారూ, రేపు క్లాసులో వాడుకుంటా. మా అమ్మ బియ్యం తక్కువ వేస్తే రాగిముద్దలో మెతుకులు. పిండి కరువైన రోజు బియ్యం ఎక్కువేస్తే అన్నంలో రాగి మరకలు. పాళ్ళు మారేకొద్దీ ఏది గిన్నె, ఏది మెతుకు అన్నదే తిరగబడుతుంది. పాలిమర్లలో సగం సగం దగ్గర రెండూ ఒకదాన్నొకటి పెనవేసుకుని, ఏదీ చుక్కగా ఉండని స్థితి కూడా వస్తుంది.

మోల్డర్ గారు అంత దూరం పోలేదు. ఆయన విషయంలో జరిగేది వేరు. పాలిథిలీన్ చుక్కల వాటా పెరిగితే చుక్కకు చుక్క తగిలి కలిసిపోయి పెద్దవవుతాయి. 20 పాళ్ళ దగ్గర చిన్నగా దాక్కున్నవి 45 దగ్గర లావెక్కాయి. గేటు ఇరుకు సందు. అందులోంచి వేగంగా దూరేటప్పుడు లావు చుక్క సాగి రేకులా పరుచుకుంటుంది. మోల్డు గోడకు తగిలి అలాగే గడ్డకడుతుంది. మీరు గోటితో లేపింది ఆ రేకునే.

వేడి_వీరన్న
అందుకే కదా వేడి పెంచమంది, పల్చబడితే చుక్కలు విరుగుతాయి.

పాలిమర్_పంతులమ్మ
రెండూ ఒకే లెక్కన పల్చబడితే మీ మాట నిజమే. అలా జరగదు. క్రేటుకు వాడే సీపీ పారుడు, అంటే ఎంఎఫ్ఐ, సుమారు 10 ఉంటుంది. డ్రిప్పు పైపుది 1 చుట్టుపక్కల, అదీ వేరే వేడిలో కొలిచింది. పల్చటి మజ్జిగలో గట్టి ముద్ద వేసి కవ్వం తిప్పితే ముద్ద విరగదు, గుండ్రంగా తిరుగుతుంది. రెండింటి చిక్కదనం దగ్గరగా ఉన్నప్పుడే చుక్కలు సన్నగా విరుగుతాయి.

పైగా 245లో ఎక్కువసేపు ఉంటే పీపీ గొలుసులు తెగి ఇంకా పల్చనవుతాయి. పాలిథిలీన్ అంత తేలిగ్గా తెగదు, కొన్ని రకాలైతే గొలుసుకు గొలుసు అతుక్కుని చిక్కబడతాయి. ఇద్దరి మధ్య దూరం పెరిగింది తప్ప తగ్గలేదు.

పత్తికొండ_మోల్డర్
నిజమే మేడమ్. వీరన్న మాట విని నిన్న 245 పెట్టా. పొర ఇంకా సులువుగా లేచింది. పైగా పొగ.

వేడి_వీరన్న
బ్యాక్ ప్రెషర్, అదే బారెల్లో స్క్రూ వెనక్కి జరిగేటప్పుడు పెట్టే ఒత్తిడి, పెంచావా? నేను వేడి ఒక్కటే పెంచమనలేదు.

బంపర్_బాబు
అది మొదటి పోస్టులో రాయలేదు వీరన్నా 😄 కానీ ఆ సలహా మంచిదే. వేడి 215లో ఉంచి, బ్యాక్ ప్రెషర్ కొంచెం పెంచి, ఇంజెక్షన్ వేగం తగ్గించు. గేటు దగ్గర చుక్కలు అంత సాగవు. జబ్బు పోదు గానీ పైకి కనిపించడం తగ్గుతుంది.

దానా_బాషా
ఇంకా తేలలేదు సార్. డ్రిప్పు పైపు ఉందని రుజువేంది? రెడ్డి పైపులు ఇంకెక్కడికో పోయి ఉండొచ్చు.

నిజం_నిష్ఠూరం
సింపుల్ పరీక్ష ఉంది. పాత మూకుడులో వేరుశనగ నూనె పోసి థర్మామీటర్ పెట్టు. 145కి వచ్చాక గింజలు వెయ్యి. పాలిథిలీన్ అయితే కరుగుతుంది, పీపీ అయితే అలాగే ఉంటుంది. మంట సిమ్‌లో పెట్టి, పిల్లల్ని దూరంగా ఉంచి చెయ్యి.

పత్తికొండ_మోల్డర్
చేశా. గింజలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్నాయి గానీ రూపం పోలేదు. బాషాభాయ్ గెలిచినట్టేనా? మా ఆవిడ మాత్రం మూకుడు బయట పారేసింది. అది ఇంక వంటింట్లోకి రాదంట.

మౌనముని
వదినదే కరెక్ట్.

పాలిమర్_పంతులమ్మ
వంటింటికి తేవద్దు, నిజంగా. ఇక పరీక్ష సంగతి. గ్రైండింగ్ ముక్కలకైతే ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఒక్కో ముక్క ఒక్కో వస్తువుది. దానా అంటే అప్పటికే ఎక్స్‌ట్రూడర్లో కరిగించి గెలికింది. పీపీ గిన్నె అయితే, లోపలి పాలిథిలీన్ చుక్కలు కరిగినా గిన్నె నిలబడే ఉంటుంది. గింజ మెత్తబడి అతుక్కుంది అంటున్నారు కదా, నాకు అనుమానం పెరిగిందే తప్ప తగ్గలేదు. దీనికి డీఎస్సీ కావాలి, అంటే వేడిచేస్తూ ఏది ఎక్కడ కరుగుతుందో చూపే పరీక్ష. విజయవాడలోని ప్లాస్టిక్ సంస్థ సీపెట్‌లో డబ్బు కట్టి చేయించుకోవచ్చు.

ప్రొద్దుటూరు_ఎమ్మెస్సీ
మా ల్యాబ్‌లో మిషన్ ఉంది, గైడుగారిని అడిగా, సరేనన్నారు. బస్సు పార్సిల్లో పంపండి. కొత్త సీపీ, నల్ల దానా, పొర లేచిన క్రేటు ముక్క, మూడూ వేరువేరు కవర్లలో. కవర్ మీద ఏది ఏదో రాయండి.

ప్రొద్దుటూరు_ఎమ్మెస్సీ
పార్సిల్ వచ్చింది. అన్నా, ఒక్కోటి కిలో పంపారు. నాకు కావలసింది ఐదు మిల్లీగ్రాములు 😭 హాస్టల్లో మంచం కింద పెట్టా.

పత్తికొండ_మోల్డర్
మిగిలింది దాచమ్మా, వచ్చి తీసుకుంటా. కిలో ధర తక్కువేం కాదు.

ప్రొద్దుటూరు_ఎమ్మెస్సీ
ఫలితం ఇది. ఈ మిషన్ నమూనాను మెల్లగా వేడిచేస్తూ ఎక్కడెక్కడ ఎంత వేడి తాగుతోందో గీత గీస్తుంది. ఏదైనా కరిగే చోట గీతలో గుట్ట వస్తుంది.

నల్ల దానాలో రెండు గుట్టలు. ఒకటి 162 దగ్గర, పెద్దది. రెండోది 124 దగ్గర, అది కూడా చిన్నదేం కాదు. క్రేటు ముక్కలోనూ ఆ రెండే. రెండూ తమ తమ చోట్లనే ఉన్నాయి, ఒకదాని వైపు ఒకటి జరగలేదు. అంటే స్ఫటికాలు విడివిడిగానే ఉన్నాయి. 124 డ్రిప్పు పైపుకు వాడే పాలిథిలీన్ రకానికి సరిపోతుంది.

కొత్త సీపీలో 164 దగ్గర పెద్ద గుట్ట ఉంది. కానీ 117 దగ్గర కూడా చిన్న బుడిపె ఉంది. ఇది నాకు అర్థం కాలేదు. కొత్త దానాలో పాలిథిలీన్ ఎవరు కలిపారు?

దానా_బాషా
చూశారా! కొత్తదాంట్లో కూడా ఉంది. నన్నొక్కణ్ణే అంటారా.

పాలిమర్_పంతులమ్మ
బాషాగారు తొందరపడొద్దు. ఆ బుడిపె కల్తీ వల్ల రాలేదు. రెండో రియాక్టర్లో ఇథిలీన్, ప్రొపిలీన్ రెండూ ఉన్నప్పుడు కొన్ని గొలుసుల్లో వరసగా ఇథిలీనే ఎక్కువ చేరుతుంది. ఆ ముక్కలు పాలిథిలీన్ లాగే స్ఫటికం కడతాయి, రబ్బరు చుక్క లోపలే ఉంటాయి. పుట్టుకతో వచ్చిన ఆ కొద్దిపాటి పాలిథిలీన్‌ను రబ్బరు చుట్టేసి ఉంటుంది కాబట్టి హాని లేదు, కొంత మేలు కూడా.

రెండు గుట్టల వైశాల్యాలు చెప్పమ్మా. నేరుగా పోల్చకు. పూర్తి స్ఫటికమైన పాలిథిలీన్ కరగడానికి గ్రాముకు 293 జౌల్స్ వేడి తాగుతుంది, పీపీ 207. దాన్ని సర్దుకోవాలి. అసలు స్ఫటికమెంత అన్నది కూడా రకాన్ని బట్టి మారుతుంది, అందుకని ఉజ్జాయింపే.

ప్రొద్దుటూరు_ఎమ్మెస్సీ
సర్దుకుని చూస్తే నల్ల దానాలో పాలిథిలీన్ పావు వంతు పైనే వస్తోంది మేడమ్. 27 అనుకోండి.

నిజం_నిష్ఠూరం
45 పాళ్ళ దానాలో 27 శాతం అంటే క్రేటులో నూటికి 12. 20 పాళ్ళు వేసినప్పుడు 5. లెక్క సరిపోయింది.

దానా_బాషా
...
మా తమ్ముడు ఇంకో షెడ్డు చూసుకుంటాడు. అక్కడ నల్లవన్నీ ఒకే గోనెలో పోస్తారు. అడుగుతా.

డ్రిప్పు_రెడ్డి
నాకు తెలుసు, నా పైపులే. పొలంలో ఎలుకలు కొరికిన ముక్క ఏమైనా కనిపించిందా అమ్మా డీఎస్సీలో?

పత్తికొండ_మోల్డర్
సరే, ఇప్పుడు నా దగ్గర 600 కిలోల నల్ల దానా ఉంది. పారబోయలేను. ఆ కంపాటిబిలైజర్ కొనాలా వద్దా? సంచి మీద మాలియిక్ ఏదో రాసి ఉంది.

పాలిమర్_పంతులమ్మ
మాలియిక్ అన్‌హైడ్రైడ్ అతికించిన పీపీ అయి ఉంటుంది. కొనొద్దు. అది పీపీకి నైలాన్‌నో, గాజు పీచునో, చెక్కపొడినో అతికించడానికి. అవతలి వస్తువులో ఆ మాలియిక్ కొక్కెం తగులుకోవడానికి పిడి ఉండాలి. పాలిథిలీన్‌కు ఆ పిడి లేదు. మూడు పాళ్ళు కాదు, పది వేసినా మీ పొర ఆగదు.

మీకు కావలసింది ఒక కొస పీపీ వైపు, ఒక కొస పాలిథిలీన్ వైపు తిరిగే గొలుసు. అమెరికాలో కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల వాళ్ళు 2017లో అలాంటిది చూపించారు. పీపీ ముక్క, పాలిథిలీన్ ముక్క మార్చి మార్చి కుట్టిన నాలుగు ముక్కల గొలుసు. నూటికి ఒక పాలు వేస్తేనే పెళుసు మిశ్రమం సాగే వస్తువైంది.

నిజం_నిష్ఠూరం
అది పత్తికొండలో ఏ అంగట్లో దొరుకుతుంది మేడమ్?

పాలిమర్_పంతులమ్మ
దొరకదు 🙂 దొరికేది ఇథిలీన్ – ఆక్టీన్ రబ్బరు. వ్యాపారులు పీఓఈ అంటారు. అది పాలిథిలీన్ చుక్క చుట్టూ తొడుగులా చేరుతుంది, బయటివైపు పీపీని పట్టుకుంటుంది. పైగా మీ తగ్గిపోయిన రబ్బరును కూడా భర్తీ చేస్తుంది. మీ రెండు జబ్బులకూ కొంత కొంత పనిచేసేది ఇదే.

బంపర్_బాబు
ఇక్కడ నాదొక అనుభవం. రబ్బరు అంటే అన్నీ ఒకటి కాదు. ఒకసారి మా దగ్గర అదే శాతం, అదే పారుడు, కంపెనీ మాత్రమే మారిన రబ్బరు వచ్చింది. బంపరు పెయింటు అంచుల్లో లేచిపోయింది. చివరికి తేలిందేమంటే కొత్త రబ్బరులో ఇథిలీన్ వాటా ఎక్కువ.

పాలిమర్_పంతులమ్మ
అవును. రబ్బరులో ప్రొపిలీన్ వాటా పెరిగితే అది పీపీకి దగ్గరి చుట్టం అవుతుంది, చుక్కలు సన్నబడతాయి, అంచు గట్టిగా పట్టుకుంటుంది. కానీ అది పెరిగేకొద్దీ రబ్బరు గాజులా మారే వేడి కూడా పైకి వస్తుంది. చలికి పనికిరాకుండా పోతుంది. ఇథిలీన్ మరీ పెరిగితే రబ్బరే స్ఫటికం కట్టడం మొదలుపెట్టి, చుక్కలు లావై, పీపీని వదిలేస్తుంది. మధ్యలో ఎక్కడో ఆగాలి.

ప్రొద్దుటూరు_ఎమ్మెస్సీ
మేడమ్, సెమినార్‌కు చదివినదాంట్లో ఒకటి గుర్తొచ్చింది. జపాన్‌లో 1990లలో ఇథిలీన్ – హెక్సీన్ రబ్బరులను పీపీతో కలిపి చూశారు. రబ్బరులో హెక్సీన్ అణువుల వాటా సగం లోపు ఉంటే విడిగా చుక్కలు. సగం దాటితే పీపీలో గట్టిపడని భాగంలోకి కరిగిపోయింది, చుక్కలే లేవు. మరి పూర్తిగా కలిసిపోయేదే వాడొచ్చు కదా?

పాలిమర్_పంతులమ్మ
కలిసిపోతే పీపీ అంతా మెత్తబడుతుంది, దెబ్బ తినడానికి చుక్క ఉండదు. మడిచే కవర్లకు, సాగే ఫిల్ములకు బాగుంటుంది. క్రేటుకు కాదు. మనకు చుక్క విడిగానే ఉండాలి, గోడను మాత్రం వదలకూడదు.

మౌనముని
వేరు కాపురం, ఒకే కాంపౌండ్. మా ఇంట్లో ఇదే ఫార్ములా, పన్నెండేళ్ళుగా పగుళ్ళు లేవు.

ధర్మవరం_డబ్బా
మధ్యలో దూరుతున్నా. పట్టుచీరల డబ్బాలకు తేట పీపీ మూతలు పోస్తాం. గట్టిగా ఉంటాయని ర్యాండమ్‌లో పది పాళ్ళు సీపీ కలిపా. మూత పాలలా తెల్లబడింది. చీర రంగు కనపడట్లేదని షావుకారు వాపసు పంపాడు. ఇదీ అదేనా?

పాలిమర్_పంతులమ్మ
అదే. రబ్బరు చుక్క మైక్రాను సైజులో ఉంది, వెలుతురు అలల పొడవు దానికన్నా తక్కువ. వెలుతురు చుక్కలకు తగిలి చెదిరిపోతుంది. తేటదనం కావాలంటే సీపీ ముట్టుకోవద్దు.

ధర్మవరం_డబ్బా
మూడు వేల మూతలు పోసేముందు అడగాల్సింది.

పత్తికొండ_మోల్డర్
వారం పట్టింది, అందుకే రాయలేదు. పీఓఈ ఒక సంచి తెప్పించా. మూడు రకాలుగా పోశా.

మొదటిది 45 పాళ్ళ నల్ల దానా, 8 పాళ్ళు పీఓఈ, మిగతాది కొత్త సీపీ. పొర లేవడం చాలావరకు ఆగింది. తెల్లారి ఐదింటికి మిద్దె మీంచి విసిరా, పగల్లేదు, మూల దగ్గర తెల్లటి మచ్చ పడింది అంతే. సంబరపడ్డా. తర్వాత టమోటాలు నింపి రేకుల షెడ్డులో ఎనిమిది వరసలు పేర్చా. మూడోరోజుకు అడుగు క్రేటు పక్కగోడ అర అంగుళం బయటికి ఉబ్బింది. టేపు పెట్టి కొలిచా.

రెండోది 45 దానా, 4 పీఓఈ. ఉబ్బు తగ్గింది, పొర మళ్ళీ గేటు దగ్గర కనిపించింది.

మూడోది 25 దానా, 3 పీఓఈ, వేడి 215, బ్యాక్ ప్రెషర్ పెంచి. ఇది నిలబడింది. పొర లేదు, పగులు లేదు, ఉబ్బు కంటికి తెలియట్లేదు. కాకపోతే డబ్బు మిగిలేది మునుపు 30 పాళ్ళలో మిగిలినదానికన్నా తక్కువే.

బంపర్_బాబు
రబ్బరు పెంచితే బిగువు పోతుంది, అది తప్పదు. మేము టాల్కు వేసి తిరిగి బిగువు తెచ్చుకుంటాం. క్రేటుకు వేస్తే బరువు పెరుగుతుంది, హమాలీలు తిడతారు. తెల్ల మచ్చ మంచి గుర్తే, చుక్కలు దెబ్బ తిని లోపల చిన్న చిన్న ఖాళీలు పడ్డాయని. అక్కడ పగులు ఆగింది.

పాలిమర్_పంతులమ్మ
ఎండ సంగతి మరిచిపోవద్దు. ఇప్పుడు నిలబడిన క్రేటు మే నెల యార్డులో మూడు వారాలు పడి ఉంటే వేరే కథ. పీపీ గొలుసులో మిథైల్ కొమ్మ తగిలిన కార్బన్ దగ్గర ఎండ తేలిగ్గా పని మొదలుపెడుతుంది. యూవీ మాస్టర్ బ్యాచ్, అదే ఎండను తట్టుకోవడానికి కలిపే మందు గింజలు, ఆపారా?

పత్తికొండ_మోల్డర్
ఆపలేదు మేడమ్. తగ్గించా.

పాలిమర్_పంతులమ్మ
మళ్ళీ పెంచండి.

నిజం_నిష్ఠూరం
ఇంకొకటి. నల్ల దానాలో పాత బ్యాటరీ డబ్బాలు కూడా వస్తుంటాయి. అవి పీపీ సీపీనే, కాబట్టి కలవడానికి భేషుగ్గా కలుస్తాయి. కానీ సీసం, యాసిడ్ మురికి. జనం తినే టమోటాల క్రేటులోకి అది రాకూడదు. ఎంత బాగా కలిసినా సరే.

దానా_బాషా
అది మా రెండు షెడ్లలోనూ తీసుకోం, ఇది మాత్రం నిజంగా ఒట్టు. తమ్ముడితో మాట్లాడా. ఇక నుంచి మూడు గోనెలు. పెయింటు డబ్బాలు, బకెట్లు ఒకటి. బస్తా గుడ్డ, కుర్చీలు ఒకటి. పైపులు వేరే. మోల్డర్ భాయ్, నీకు మొదటి గోనె దానానే పంపుతా, కిలోకు రెండు రూపాయలు ఎక్కువవుతుంది. నీ దగ్గర మిగిలిన నల్లదాన్ని పూలకుండీలు చేసేవాళ్ళు ఉన్నారు, వెనక్కి తీసుకుంటా.

పత్తికొండ_మోల్డర్
రెండు కాదు, రూపాయిన్నర.

ప్రొద్దుటూరు_ఎమ్మెస్సీ
కొత్త లాటు పంపితే డీఎస్సీ చేసి పెడతా. గింజలు నాలుగు చాలు అన్నా, నాలుగు.

డ్రిప్పు_రెడ్డి
మరి నా పైపుల రేటు తగ్గిస్తావా బాషాభాయ్?

దానా_బాషా
తగ్గించను రెడ్డీ. మట్టి కడిగి పంపు. పోయినసారి తూకంలో సగం నీ పొలమే ఉంది.